జుహూ విమానాశ్రయము – మన ఇంటి కప్పులు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సమావేశములో సంఘము పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



పాఠశాల సభలో విమానముల ప్రసంగమేమని మీలో కొందరికి తోచవచ్చును. ఈ వేదికపై మాతృభాషా బోధనను గూర్చియో, పరీక్షా ఫలితములను గూర్చియో, పుస్తకముల నిధిని గూర్చియో మాట్లాడుట మనకు పరిపాటి. ఈ సంవత్సరపు విషయమును మేము ఎన్నుకొనలేదు. మీలో ఒకరే దానిని మాకు అందించిరి. గడచిన సంక్రాంతి మరునాడు ఒక తండ్రి మన సంఘ కార్యాలయమునకు వచ్చెను. ఆయన తాపీమేస్త్రీ, పాలమూరు వాస్తవ్యుడు, ఇరువది యేండ్లుగా ఈ ముంబయి నగరమున ఇండ్లు కట్టుచున్నవాడు. ఏడవ తరగతి చదువు కుమారుడు ఇంటి డాబామీద గాలిపటము ఎగురవేయుచుండగా పోలీసువారు వచ్చి దింపించిరట. ఆయన కోపము ఆయన మాటలలోనే వినుట బాగుండును: "పండుగ పూట పిల్లగాండ్లు పతంగి ఎగరేసుడు గూడ తప్పేనా సార్? హెలికాప్టరు మా ఇంటి మీదికెల్లి పోతున్నది గాని, మేమేం దాని మీదికి పోలేదు గద!"

మేము నవ్వితిమి. ఆయన వెళ్లిన పిదప, ఆ ప్రశ్నకు సరియైన సమాధానము మాలో ఎవరికిని తెలియదని గ్రహించి కొంత సిగ్గుపడితిమి. జుహూ విమానాశ్రయమును చూడనివారు మనలో లేరు. పిల్లలను సముద్రతీరమునకు తీసికొనిపోవునపుడు ఆ పొడవైన గోడను, గోడ వెనుక షెడ్లను, తలమీదుగా చప్పుడు చేయుచు పోవు హెలికాప్టర్లను చూచుచునే యున్నాము. చూచుచున్నామే గాని, అది ఎట్టిది, నాడెట్లుండెను, నేడెట్లున్నది, దానికిని మనకును గల సంబంధమేమి అని విచారింపలేదు. అందుచేత ఈ కొద్దికాలములో మేము తెలిసికొన్నదానిని మీ ముందు ఉంచుచున్నాము.

జుహూ విమానాశ్రయము 1928వ సంవత్సరమున ఏర్పడినది. భారతదేశములో పౌరవిమానయానము కొరకు ఏర్పడిన మొదటి విమానాశ్రయము ఇదియే. బాంబే ఫ్లయింగ్ క్లబ్బును ఆ సంవత్సరముననే పుట్టినది. 1932 అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటాగారు కరాచీనుండి ఒంటరిగా పస్ మాత్ అను చిన్న ఒంటి ఇంజను విమానమును నడుపుకొని, టపాసంచులతో అహమ్మదాబాదు మీదుగా వచ్చి దిగినది ఈ జుహూ నేలమీదనే. ఈ దేశములో ఇచ్చిన పైలటు లైసెన్సులలో మొదటి సంఖ్యగలది 1929 ఫిబ్రవరి 10న ఆయనకు లభించినది. అహమ్మదాబాదులో ఆయన విమానమునకు పెట్రోలు ఎడ్లబండిమీద డబ్బాలలో వచ్చినదట! ఆకాశమున పోవు యంత్రము ఎద్దుల రాకకై నేలమీద వేచియుండిన ఆ దృశ్యమును తలచుకొన్నప్పుడు, మనము ఎచ్చటనుండి ఎచ్చటికి వచ్చితిమో పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ టపా జుహూతో ఆగలేదు. నెవిల్ విన్సెంట్ అను మరియొక పైలటు దానిని ఇచ్చటనుండి బళ్లారి మీదుగా మదరాసునకు చేర్చెను. ఇచ్చట మనవారికి ఒక చిన్న బంధుత్వము కలదు. బళ్లారి అప్పుడు మదరాసు రాజధానిలోనిది. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు మైసూరునకు పోయినది. నేటికిని అచ్చటి వీథులలో కన్నడముతోపాటు తెలుగు వినబడును. మనవలెనే పొరుగురాష్ట్రమున ఉండి తెలుగు బడులను నిలుపుకొనుచున్నవారు అచ్చటను ఉన్నారు. దేశపు తొలి విమానపు టపాలలో ఒకటి జుహూనుండి ఎగిరి ఆ ఊరిలో వాలినదని తెలిసినపుడు మాకు సంతోషము కలిగినది. ఈ ముక్క ప్రసంగమునకు అత్యవసరము కాకపోయినను మానలేకపోతిమి.

ఆనాటి జుహూ ఎట్లుండెను? తాటాకుల పాకయే కార్యాలయము. రేడియో లేదు, దారిచూపు దీపము లేదు. పైలటు కిందికి చూచి రైలుకట్టను, నదిని, తీరరేఖను గుర్తుపట్టి రావలసినదే. నేల పల్లము, వర్షాకాలమున నీరు నిలిచి బురదగుంటయై పోవుచుండెను. అందుచేత ఆ నెలలలో టాటావారి సర్వీసు మొత్తము పూనా నగరమునకు తరలిపోవుచుండెను. ఈ సంగతిని మీరు కొంచెము గమనించవలెను. ఆనాటి భద్రతకు రెండే ఆధారములు: ఒకటి పైలటు కన్ను, రెండవది చుట్టునున్న ఖాళీనేల. ప్రకృతి కాదన్నచోట మనుష్యుడు మూటముల్లె సర్దుకొని వెళ్లిపోయెను. పైలటు పొరపడినను, ఇంజను మొరాయించినను, ఇసుకమీదనో ఉప్పుబురదలోనో దిగవచ్చును. విమానము విరుగును, మనిషి గాయపడును. కాని పొరుగువాని ఇంట పొయ్యి ఆరదు. యంత్రములు నేటివానికంటె ఎంతో నాసి. అయినను పొరపాటునకు చోటుండెను.

1948లో పెద్ద విమానములన్నియు శాంతాక్రజ్ విమానాశ్రయమునకు మారినవి. జుహూ చిన్న విమానములకు మిగిలినది. చిన్న విమానములనగా, మనము టిక్కెట్టు కొని వేళకు ఎక్కునవి కాక తక్కినవన్నియు: విద్యార్థులు ఎగురుట నేర్చుకొనునవి, ధనికుల స్వంతవి, అద్దెకు తిరుగునవి, రోగులను చేరవేయునవి, మరమ్మతు పిదప పరీక్షకు లేచునవి. ఇట్టి విమానాశ్రయమునకు పెద్దదానికున్నంత పేరు లేదు, పత్రికలలో పటము లేదు. పని మాత్రము తెల్లవారినదాదిగా జరుగుచునే యుండును.

రెండు విమానాశ్రయములు ఇంత చేరువగా నుండుటవలన కలిగిన చిక్కును వినుడు. జుహూలోని ముఖ్యమైన రన్‌వే, శాంతాక్రజ్‌లోని పెద్ద రన్‌వే, రెండును ఇంచుమించు తూర్పు పడమరలుగా, దాదాపు ఒకే దిక్కున సాగును. రన్‌వే కొనపై వ్రాయు అంకె దాని దిక్కును తెలుపును: తూర్పునకు పోవు దిశలో జుహూది 08, శాంతాక్రజ్‌ది 09. అనగా రెంటికిని భేదము పది డిగ్రీల పాటి. సముద్రముమీదనుండి వచ్చు పైలటునకు ముందు కనబడునది జుహూ; దానికి కొద్ది కిలోమీటర్ల ఆవల శాంతాక్రజ్. మబ్బు విరిసి ఒక్కసారి నేల కనబడినప్పుడు అలసిన కన్ను మొదటి బాటను చూచి అదియే తనదనుకొనుట వింతకాదు. 1953 జులై 15న బి.ఓ.ఏ.సి. వారి కామెట్ జెట్ విమానము అట్లే జుహూలో దిగినది. తొమ్మిది దినముల పిదప గాని దానిని అచ్చటనుండి లేపలేకపోయిరి. 1972 సెప్టెంబరు 24న జపాన్ ఎయిర్‌లైన్సు వారి డి.సి.-8 విమానము అదే పొరపాటు చేసినది. జుహూ రన్‌వే పొడవు సుమారు 1,140 మీటర్లు. శాంతాక్రజ్ పెద్ద రన్‌వే దానికి మూడింతలు. నాలుగు జెట్ ఇంజనుల విమానము ఆ పొట్టి బాటపై ఆగునా? కొనదాటి పోయి, మరల పనికిరాకుండ విరిగినది. ప్రాణనష్టము కలుగలేదు.

మేము ఈ వృత్తాంతమును వినిపించినపుడు పిల్లలు పడిపడి నవ్విరి. దారి తప్పి ఇరుగింటి తలుపు తట్టిన పెళ్లివారివలె ఉన్నదని ఒక బాలిక అనెను. ఆ ఉపమానము మాకును నచ్చినది. కాని పెద్దలు ఆలోచింపవలసినది మరియొకటి. 1972లో ఆ విమానము కొనదాటి పోయినప్పుడు దానిని ఆపుకొనుటకు కొంత నేల మిగిలియుండెను. నేడు ఆ గోడ చుట్టును ఏమున్నదో మీ కన్నులతో మీరే చూచుచున్నారు.

1974లో మన పశ్చిమసముద్రమున, తీరమునకు సుమారు 160 కిలోమీటర్ల దూరమున బాంబే హై చమురు బయటపడినది. జుహూ జీవితమును మార్చినది ఈ సంగతియే. నడిసముద్రమున నిలిచిన రిగ్గులకు మనుష్యులను చేర్చుటకు హెలికాప్టరు కావలెను. హెలికాప్టరునకు తీరమున ఒక గూడు కావలెను. 1985లో ఆ పనికొరకు ప్రభుత్వము ఒక హెలికాప్టరు సంస్థను స్థాపించెను. అదే నేటి పవన్ హంస్. దాని హెలికాప్టర్లు జుహూను గూడుగా చేసికొన్నవి. ఫ్లయింగ్ క్లబ్బు శిక్షణ క్రమముగా తగ్గి, శిక్షణవిమానములు ధూళె పట్టణమునకు తరలినవి. ఒకప్పుడు కుర్రవాండ్రు భయభయముగా మొదటిసారి ఒంటరిగా లేచిన చోట ఇప్పుడు నారింజరంగు దుస్తుల ఉద్యోగులు సంచులు భుజమున వేసికొని వరుసగా నిలుచుచున్నారు. జుహూలో నేటి సందడి యందు హెలికాప్టర్లదే పెద్దవాటా.

ఆ వరుసలో నిలుచువారు మనకు పరాయివారు కారు. మన పాఠశాల తల్లిదండ్రులలోనే కొందరు 14 దినములు సముద్రముమీద, 14 దినములు ఇంటియందు గడుపువారున్నారు. రాజమహేంద్రవరమునుండి కృష్ణా గోదావరి తీరపు రిగ్గులకు ఇట్లే వెళ్లి, అచ్చట పని నేర్చి, బదిలీపై ఇచ్చటికి వచ్చినవారును కలరు. వారు ఈ ప్రయాణమునకు ముందు ఒక శిక్షణ పొందవలెను. హెలికాప్టరు గదివంటి పెట్టెలో బెల్టులతో కట్టి కూర్చుండబెట్టి, దానిని నీటిలో ముంచి, తలక్రిందులుచేసి, ఊపిరి బిగపట్టి కిటికీ త్రోసికొని బయటపడుమందురు. "మొదటిసారి ముంచినప్పుడు పిల్లల ముఖములు కనబడినవి" అని ఒక తండ్రి మాతో చెప్పెను. ఆయన భార్య ప్రక్కనే యుండి, ఆ మాటను అదే మొదటిసారి వినుచున్నట్లు ఆయన వంక చూచెను.

ఆ శిక్షణ ఊరక పెట్టినది కాదు. 2018 జనవరి 13న జుహూనుండి రిగ్గులకు బయలుదేరిన పవన్ హంస్ హెలికాప్టరు సముద్రమున కూలినది. ఇద్దరు పైలట్లు, అయిదుగురు చమురుసంస్థ అధికారులు, ఏడుగురును మరణించిరి. 2022 జూన్ 28న మరియొక హెలికాప్టరు సాగర్ కిరణ్ అను రిగ్గు చేరువ నీటిలో దిగవలసి వచ్చినది. అందున్న తొమ్మిదిమందిలో నలుగురు పోయిరి, అయిదుగురు దక్కిరి. నీటిపై తేలించు బుడగలు విచ్చుకొనుట, దగ్గరనున్న పడవలు పరుగెత్తి వచ్చుట ఆ అయిదుగురికి ఆయువైనది. నాటి పస్ మాత్‌లో ఇట్టి బుడగలు లేవు, రెండవ ఇంజను లేదు, వెదకుటకు పడవలు లేవు. యంత్రము విషయమున, సరంజామా విషయమున మనము ముందునకు వచ్చితిమనుట నిజము. భద్రత పూర్తిగా క్షీణించినదని మేము చెప్పుట లేదు.

క్షీణించినది మరియొకటి. దానిని మాకు తెలియజేసినది ఘాట్కోపరు. పైన చెప్పిన ప్రమాదమునకు సరిగా నాలుగేండ్ల ముందు, 2018లో, అదే జూన్ 28వ తేదీన, దీర్ఘకాలము మరమ్మతులో ఉండిన ఒక చిన్న విమానము పరీక్ష కొరకు జుహూనుండి లేచినది. వర్షకాలపు మధ్యాహ్నము. తిరిగివచ్చుచు ఘాట్కోపరులో, జనసమ్మర్దమైన పేటలో, కట్టుచున్న ఒక భవనమువద్ద కూలి మండినది. విమానములోని నలుగురును, దారిన పోవుచుండిన ఒక మనుష్యుడును ప్రాణములు కోల్పోయిరి. ఆ భవనమున పనిచేయు కూలీలు అప్పుడు భోజనమునకు వెళ్లియుండిరి. లేనియెడల ఎందరు పోయియుందురో. ఆ సాయంకాలము మన సంఘ కార్యాలయములో టెలిఫోను ఆగకుండ మ్రోగినదని అప్పటి కార్యదర్శి చెప్పుదురు. ఊరినుండి పిలుచుచున్నారు: మావాడు ఘాట్కోపరు పనిలో ఉన్నాడా, వేరుచోట ఉన్నాడా అని. కట్టడపుపనిలో మనవారు లేని పేట ఈ నగరమున ఏది?

2025 జూన్ 12న అహమ్మదాబాదులో పెద్ద విమానము లేచిన కొన్ని క్షణములలోనే వైద్యకళాశాల వసతిగృహములపై పడినది. విమానములోని 242 మందిలో ఒక్కడు తప్ప అందరును, నేలమీద 19 మందియు మరణించిరి. అది జుహూవంటి విమానాశ్రయము కాదు, ఆ విమానమును చిన్నది కాదు; ఈ రెంటిని ఒకే త్రాసులో తూచరాదు. కాని ఘాట్కోపరులో భోజనవేళ కూలీలను బయటికి తీసికొనిపోయి బ్రతికించినది. అహమ్మదాబాదులో అదే భోజనవేళ విద్యార్థులను భోజనశాలలోనికి చేర్చినది. నేలమీదివాని ప్రాణము అన్నపు గంటపై ఆధారపడియుండుట భద్రత అనిపించుకొనదు.

కావున మేస్త్రీగారి ప్రశ్నకు ఇప్పుడు రావచ్చును. హెలికాప్టరు మన ఇంటిమీదికి వచ్చినదా, మనము దానిమీదికి పోయితిమా? 1928లో అది అచ్చట ఉన్నది, మనము లేము. మనమనగా తెలుగువారము మాత్రమే కాదు, ఈ నగరమంతయు. అంధేరీ, విలేపార్లే, శాంతాక్రజ్ పేటలు పెరిగి పెరిగి ఆ గోడను ఒరసికొన్నవి. ఒకవంక గుడిసెలు, ఒకవంక అంతస్తులు. 2010 ప్రాంతమున రన్‌వేను సముద్రములోనికి పొడిగింతమను ఆలోచన కూడ నడచినది. నేలమీద చోటు లేదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి?

విమానాశ్రయమునకు గోడ నేలమీద మాత్రమే యుండదు. దానికి కన్నులకు కనబడని కప్పు ఒకటి కలదు. రన్‌వే కొననుండి అది ఏటవాలుగా పైకి లేచుచు పోవును. ప్రక్కలను కూడ గిన్నె అంచువలె లేచును. ఆ కప్పును చీల్చుకొని ఏ కట్టడమును పైకి రాకూడదు. అందులకే విమానాశ్రయ ప్రాధికార సంస్థ నిరభ్యంతర పత్రము లేనిదే ఆ పరిధిలో ఎత్తైన భవనము కట్టరాదని కేంద్రప్రభుత్వపు నియమము. 2015లో ఈ నియమములు క్రొత్తగా వెలువడినవి. మనవారిలో కట్టడపు పనివారు అధికులు గనుక ఒక్క సంగతి విప్పి చెప్పుదుము. ఆ పత్రములో ఎత్తును అంతస్తులలో చెప్పరు. సముద్రమట్టమునుండి మీటర్లలో చెప్పుదురు. ఆ మీటర్లలో కప్పుమాత్రమే కాదు. నీటితొట్టి, లిఫ్టుగది, పిడుగుకడ్డీ, మొబైలు స్తంభము, ప్రకటన పలక అన్నియు చేరియుండును. పత్రమునకు లోబడి ఇల్లు కట్టి, పిదప దానిమీద తొట్టి పెట్టి, తొట్టిమీద స్తంభము నిలిపినచో, ఆ ఇల్లు నియమము మీరినదే. "చిన్న స్తంభమే గదా" అని యజమాని అనవచ్చును. జుహూలో రాకపోకలు ముఖ్యముగా కంటిచూపు ననుసరించియే సాగును. యంత్రము దారిచూపి దింపు ఏర్పాటు అచ్చట లేదు. జల్లు పడుచున్న ఉదయమున ఆ స్తంభము హెలికాప్టరు పైలటునకు ఎంత సన్నముగా కనబడునో, కనబడునో లేదో, యజమాని ఎరుగడు. దానిని నిలిపిన చేతులు మనవి.

ఇది నిష్ఠురముగా తోచవచ్చును. మన పెద్దలు కామాఠీలను పేర ఈ నగరమునకు వచ్చి రాళ్లు మోసిరి. కామాఠీపుర అను పేట వారి పేరనే నిలిచినది. ఈ నగరపు కప్పులలో మన చెమట కలదు. యజమాని చెప్పినది చేయని కూలికి మరునాడు పనియుండదని మాకు తెలియును. కూలివానిని నిందించుట మా యుద్దేశము కాదు. కాని మేస్త్రీకిని, చిన్న కంట్రాక్టరుకును, పత్రమును ఒక్కసారి చూపుడని అడుగు హక్కు కలదు. అడిగినవాని పేరు చెడినదని మేము వినలేదు.

దీనికి రెండవ ప్రక్కయు కలదు. దానిని దాచుట న్యాయము కాదు. మన కుటుంబములు కొన్ని విమానముల దారిక్రింద, ఏబది అరువది యేండ్లనాటి పాత భవనములలో కాపురమున్నవి. పెచ్చులూడుచున్నవి, వర్షమున మెట్లపై నీరు కారుచున్నది. ఇతరపేటలలో పాతభవనమును కూల్చి ఎత్తుగా కట్టి, మిగిలిన అంతస్తులను అమ్మి, ఆ లాభముతో పాతవారికి ఉచితముగా ఇల్లు ఇచ్చుదురు. ఇచ్చట ఎత్తునకు హద్దుండుటవలన ఏ బిల్డరును ముందుకు రాడు. "విమానము పడి చచ్చెదమేమోనని ఎత్తు కట్టనీయరు, ఇల్లు కూలి చచ్చిన ఫరవాలేదా?" అని ఒక తల్లి మమ్ము అడిగినది. ఆమెకు మేము వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. మాలో మేము రెండు సాయంకాలములు వాదించుకొంటిమి. కొందరు, రెండంతస్తులు ఎక్కువైన కొంపలు మునుగవనిరి. పలువురు ఒప్పలేదు. మా అభిప్రాయము తుదకు ఇట్లు కుదిరినది: ఎత్తు విషయమున బేరము తగదు. నష్టము విషయమున బేరమాడవలసినదే, గట్టిగా ఆడవలసినదే. నగరమంతటి ప్రయాణము కొరకు ఒక భవనపువారు తమ ఆకాశమును వదలుకొనుచున్నప్పుడు, ఆ వదలుకొన్నదానికి వెల నగరము చెల్లించవలెను. కోల్పోయిన అంతస్తుల హక్కును వేరుపేటలో అమ్ముకొను వీలు కల్పించుట ఒక మార్గము. ఇట్టి అర్జీ వ్రాయదలచిన కుటుంబములు తమ భవనపు సొసైటీ తీర్మానముతో సంఘమునకు రండు. మరాఠీలోను ఇంగ్లీషులోను వ్రాసి ఇచ్చుటకు మన ఉపాధ్యాయులు ఇద్దరు అంగీకరించిరి.

పక్షుల సంగతి స్వల్పముగా చెప్పి ముగింతుము. విమానాశ్రయ కేంద్రస్థానమునుండి పది కిలోమీటర్లలోపల పక్షులను ఆకర్షించునట్లు మాంసపుచెత్త, చేపలచెత్త, కుళ్లినపదార్థములు వేయరాదని పాత శాసనము. 1937 నాటి విమాన నియమములలోనిది. గద్ద ఒకటి రెక్కకు తగిలిన ఏమగునను ప్రశ్న పిల్లలు వేయుదురు. ఇంజనులోనికి పోయిన పక్షి ఇంజనును ఆపగలదు, అద్దమునకు తగిలినది అద్దమును పగులగొట్టగలదు. ఆదివారమునాడు కోడిచెత్తను డాబామీదనుండి కాలువలోనికి విసరు అలవాటు మన చాళ్లలో కలదని అందరికి తెలియును. ఈ మాట చెప్పునపుడు ముందువరుసలో కొందరు ఒకరినొకరు చూచుకొనుచున్నారు. మేము పేర్లు చెప్పము.

ఇక గాలిపటము. కాగితము వలన హెలికాప్టరునకు ఏమగునని మేస్త్రీగారు అడిగిరి. కాగితమువలన భయము తక్కువ; దారమువలన ఎక్కువ. తిరుగుచున్న రెక్కల మొదట దారము చుట్టుకొన్నచో, అది నైలానుదైనచో, తెగదు, బిగియును. నైలాను మాంజాను జాతీయ హరిత న్యాయస్థానము 2017లోనే నిషేధించినది. పక్షుల మెడలు, మోటారుసైకిలువారి కంఠములు తెగుచుండుట అందులకు కారణము. అదియునుగాక పైలటు కన్ను క్షణకాలము గాలిపటముమీదికి పోయినచో, ఆ క్షణము స్తంభముమీద ఉండదు. డ్రోనులకు, లేజరు దీపములకు కూడ ఈ మాటయే వర్తించును. పెండ్లి ఊరేగింపులలో పచ్చని లేజరుకిరణమును ఆకాశమునకు త్రిప్పువారు అది కాక్‌పిట్ అద్దముపై పడి పైలటు కన్నులు మిరుమిట్లు గొలుపునని ఎరుగరు. పోలీసువారు ఏటేట ఆజ్ఞలు వెలువరించుచునే యున్నారు. మనము వానిని చదువము.

ఈ సమాధానమును మేము మేస్త్రీగారికి చెప్పితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, "మరి పిల్లగాండ్లకు పండుగ ఎట్ల?" అనెను. అది న్యాయమైన ప్రశ్న. కార్యవర్గము దానిపై చర్చించి ఇట్లు నిశ్చయించినది. రాబోవు సంక్రాంతినాడు గాలిపటముల వేడుకను విమానముల దారికి దూరముగా నున్న మైదానమున సంఘమే జరుపును. బస్సులు ఉదయము 7 గంటలకు పాఠశాల వాకిటినుండి బయలుదేరును. నూలుదారము, కాగితపు పటములు సంఘము ఇచ్చును. ఎవరును మాంజా తేరాదు. మధ్యాహ్నము పులిహోర, బొబ్బట్లు తల్లుల సంఘమువారు చేయుదుమనిరి. పిల్లల పేర్లు డిసెంబరు నెలాఖరులోగా తరగతి ఉపాధ్యాయులకు ఇయ్యవలెను. పటము కట్టుట నేర్పు బాధ్యతను మేస్త్రీగారే స్వీకరించిరి.